మొదటి చెక్క గిన్నెకు ఫేస్‌ప్లేటా, చక్కా? ఎంపిక నుంచి బిగింపు దాకా

మంచం కోళ్ళు, ఉయ్యాల కడ్డీలు, కవ్వాలు, రోకళ్ళు తిప్పే తరిమెన (లేత్) పని కృష్ణా, గుంటూరు జిల్లాలకు కొత్తేమీ కాదు. ఆ పనుల్లో ఒక సుఖం ఉంది. కర్ర రెండు కొసల మధ్య బిగిసి ఉంటుంది, ఎటూ పోదు. గిన్నెకు ఆ సుఖం లేదు. లోపల తొలవాలంటే ఒక ముఖం పూర్తిగా ఖాళీగా ఉండాలి. అప్పుడు దిమ్మ బరువూ, ఉలి దెబ్బా అన్నీ రెండో ముఖాన్ని పట్టుకున్న వస్తువే మోయాలి.

పైగా నార దిశ కూడా మారిపోతుంది. మంచం కోడులో నార లేత్ ఇరుసు వెంట పొడవుగా సాగుతుంది. గిన్నె దిమ్మలో ఇరుసుకు అడ్డంగా ఉంటుంది. అందువల్ల దిమ్మ ఒక్క చుట్టు తిరిగే లోపు ఉలికి రెండుసార్లు నార కొసలు ఎదురవుతాయి, రెండుసార్లు కుదుపు తగులుతుంది. 8 అంగుళాల వెడల్పు, మూడున్నర అంగుళాల మందం ఉన్న పచ్చి మామిడి దిమ్మ రెండున్నర కిలోల దాకా తూగుతుంది. అది నిమిషానికి 800 చుట్లు తిరుగుతుంటే అంచు వేగం గంటకు 30 కిలోమీటర్లు. దిమ్మకు స్క్రూలతో బిగించే ఇనుప బిళ్ళ అయిన ఫేస్‌ప్లేట్ కొనాలా, దవడలతో పట్టుకునే చక్ కొనాలా అనే ప్రశ్నను ధర కంటే ముందు ఈ లెక్క పక్కన పెట్టి చూడాలి.

నా అభిప్రాయం ముందే చెబుతాను. మొదట ఒక చిన్న, నిఖార్సయిన ఫేస్‌ప్లేట్. దానితో రెండు మూడు గిన్నెలు చేశాక, చెక్క కోసమే తయారైన నాలుగు దవడల స్క్రోల్ చక్, 50 మి.మీ. దవడలతో. రెండూ ఒకేసారి కొనగలిగినా నేర్చుకునే వరుస ఇదే ఉండాలి. ఎందుకంటే ఎంత ఖరీదైన చక్ అయినా మీరు చెక్కలో కోసిన ఆకారాన్నే పట్టుకుంటుంది. ఆ ఆకారం సరిగ్గా రాకపోతే చక్ చేసేదేమీ లేదు. ఫేస్‌ప్లేట్ మీద పనిచేసే రోజుల్లో ఆ ఆకారం కోయడం చేతికి వస్తుంది.

కొనే ముందు స్పిండిల్ కొలవండి

ఫేస్‌ప్లేట్ అయినా చక్ అయినా లేత్ హెడ్‌స్టాక్ (చెక్కను తిప్పే వైపు భాగం) నుంచి బయటికి వచ్చిన స్పిండిల్, అంటే తిరిగే ఇరుసు, త్రెడ్ మీదే ఎక్కాలి. ఈ కొలత తెలియకుండా ఆన్‌లైన్లో ఆర్డర్ పెట్టకండి.

చెక్క లేత్‌లలో తరచుగా కనిపించేవి ఇవి: 1 అంగుళం × 8, 1¼ అంగుళం × 8, ¾ అంగుళం × 16, ఎం33 × 3.5, చిన్న చైనా లేత్‌ల మీద ఎం18 × 2.5. అంగుళాల కొలతల్లో రెండో అంకె, అంగుళం పొడవులో ఎన్ని త్రెడ్‌లున్నాయో చెబుతుంది. ఎం అని మొదలైన కొలతల్లో రెండో అంకె ఒక త్రెడ్ నుంచి పక్క త్రెడ్‌కు ఉన్న దూరం, మిల్లీమీటర్లలో.

వెర్నియర్ కాలిపర్‌తో త్రెడ్ బయటి వ్యాసం తీసుకోండి. 25.4 మి.మీ.కి కాస్త లోపుగా వస్తే 1 అంగుళం, 33కి కాస్త లోపుగా వస్తే ఎం33, 31.5 దగ్గర ఉంటే 1¼ అంగుళం. తర్వాత ఒక త్రెడ్ శిఖరం నుంచి ఐదు త్రెడ్‌ల అవతలి శిఖరానికి దూరం కొలవండి. దాదాపు 15.9 మి.మీ. వస్తే అంగుళానికి 8. 17.5 వస్తే 3.5 మి.మీ. పిచ్. పిచ్ గేజ్ ఉంటే ఇంకా తేలిక, ఏ మెషిన్ షాపులోనైనా అడిగితే క్షణంలో పెట్టి చూపిస్తారు.

త్రెడ్ వెనక, హెడ్‌స్టాక్ వైపు, నున్నటి భుజం ఒకటి ఉంటుంది. ఫేస్‌ప్లేట్ గానీ చక్ గానీ చివరికి ఆ భుజానికి ఆనుకుని ఆగాలి. త్రెడ్ పైకి లాగుతుంది, నిటారుగా నిలబెట్టేది మాత్రం భుజమే. అక్కడ రంపపు పొట్టు చిన్న పలుకు ఇరుక్కున్నా దిమ్మ ఊగుతుంది. అందుకే ఎక్కించే ముందు ప్రతిసారీ భుజాన్నీ త్రెడ్‌నూ పాత పళ్ళ బ్రష్‌తో తుడవాలి. ఆ భుజం మీద పలుచని ప్లాస్టిక్ వాషర్ వేసుకుంటే చక్ బిర్రుగా పట్టేసి ఊడిరాకపోవడమనే బాధ చాలావరకు తప్పుతుంది.

స్వింగ్ కూడా చూసుకోండి. స్పిండిల్ మధ్య నుంచి కింద లేత్ పట్టాల (బెడ్) దాకా ఉన్న దూరానికి రెట్టింపు మీ లేత్ స్వింగ్. 10 అంగుళాల స్వింగ్ ఉన్న లేత్ మీద 10 అంగుళాల దిమ్మ ఎక్కించాలని చూడకండి. ఉలిని ఆనించే టూల్‌రెస్ట్ తిప్పుకోవడానికి చోటు కావాలి, కొత్తవాళ్ళకు మరీ. మొదటి గిన్నె 6 అంగుళాలు చాలు. ఈ వ్యాసంలో ఇకపై కొలతలన్నీ 6 అంగుళాల గిన్నెను దృష్టిలో పెట్టుకునే చెబుతాను.

ఫేస్‌ప్లేట్: ఆటోనగర్‌లో చేయించుకోవడం

చాలా లేత్‌లతో ఒక ఫేస్‌ప్లేట్ వస్తుంది. ఇప్పటికే ఉంటే కొత్తది కొననక్కర్లేదు. లేకపోతే విజయవాడ జవహర్ ఆటోనగర్ లాంటి చోటు దగ్గర్లో ఉండటం మన అదృష్టం. లారీ విడిభాగాలకు టర్నింగ్ పనులు చేసే లేత్ షాపులు అక్కడ వరుసగా ఉన్నాయి. గుంటూరు వాళ్ళకు తమ ఆటోనగర్ ఉంది. మంచి టర్నర్‌కు ఇది చిన్న పని, కాకపోతే అతను రోజూ చేసే పని కాదు కాబట్టి మనం ఏం కావాలో స్పష్టంగా చెప్పాలి.

6 నుంచి 8 అంగుళాల గిన్నెలకు 75 నుంచి 90 మి.మీ. వ్యాసం ఉన్న ప్లేట్ సరిపోతుంది. మందం 8 నుంచి 10 మి.మీ. మైల్డ్ స్టీల్. వెనక గుబ్బ పొడవు మీ స్పిండిల్ త్రెడ్ పొడవును బట్టి. మొత్తం ఒకే రౌండ్ బార్ ముక్క నుంచి తీయిస్తే మేలు.

చాలామంది ఇక్కడే ఒక అడ్డదారి చూస్తారు. హార్డ్‌వేర్ కొట్లో నట్టు కొని, దాన్ని ఒక ప్లేటుకు వెల్డింగ్ చేయిస్తారు. 1 అంగుళం × 8 అనేది యూఎన్‌సీ (అమెరికా అంగుళాల పద్ధతి) ప్రామాణిక త్రెడ్, ఎం33 × 3.5 కూడా ప్రామాణికమే కాబట్టి నట్టు దొరకడం సాధ్యమే. కానీ రెండు చిక్కులున్నాయి. మన దగ్గర పాత బ్రిటిష్ పద్ధతి విట్‌వర్త్ నట్లు ఇంకా తిరుగుతున్నాయి. 1 అంగుళం విట్‌వర్త్‌కీ అంగుళానికి 8 త్రెడ్‌లే, కానీ దాని త్రెడ్ కోణం 55 డిగ్రీలు, యూఎన్‌సీది 60. ఎక్కినట్టే ఉంటుంది, పట్టు మాత్రం సరిగ్గా కూర్చోదు. ఇక 1¼ అంగుళాల నట్టు తెస్తే ప్రామాణికంగా అంగుళానికి 7 త్రెడ్‌లు వస్తాయి, మీ లేత్‌కు కావలసింది 8. రెండో చిక్కు వెల్డింగ్ వేడి. ఆ వేడికి ప్లేటు వంగుతుంది, నట్టు ముఖం ఎలాగూ నిటారుగా ఉండదు. వెల్డింగ్ అయ్యాక ముఖం తిప్పి సరిచేయకపోతే ఆ ఫేస్‌ప్లేట్ ప్రతి దిమ్మనూ ఊపుతూనే ఉంటుంది.

షాపుకు వెళ్ళేటప్పుడు నోటిమాట కొలతలు కాకుండా వస్తువు తీసుకెళ్ళండి. స్పిండిల్ విప్పగలిగితే స్పిండిల్, లేకపోతే దానికి సరిపోయే పాత ఫేస్‌ప్లేట్. చెప్పాల్సిన మాట ఇలా ఉండాలి: “అన్నా, ఇది చెక్క లేత్‌కి. లోపలి త్రెడ్, వెనక భుజానికి ఆనే ముఖం రెండూ ఒకే సెట్టింగ్‌లో తీయండి, మధ్యలో విప్పొద్దు. తర్వాత ఇదే త్రెడ్ మీద బిగించి ముందు ముఖం ఫేసింగ్ కొట్టండి.” ఒకే సెట్టింగ్‌లో తీస్తే త్రెడ్‌కూ భుజానికీ లంబం తప్పదు. ముందు ముఖం చివర్లో తీస్తే అది త్రెడ్‌తో కలిసి నిజంగా తిరుగుతుంది. ముందు ముఖం మధ్యలో వెంట్రుకవాసి లోతు ఉండేలా అడగండి. అప్పుడు చెక్క ప్లేటు అంచు మీద కూర్చుంటుంది, మధ్యలో ఎత్తు వచ్చి ఊగదు.

స్క్రూ రంధ్రాలు ఆరు ఉండాలి, కుదిరితే ఎనిమిది, రెండు వలయాల్లో. అన్నీ ఒకే వలయంలో ఉంటే రెండు స్క్రూలు ఒకే నార గీత మీద పడి దిమ్మ చీలే అవకాశం ఉంటుంది. రంధ్రం 6 మి.మీ., 14 నంబర్ స్క్రూ వాడాలనుకుంటే 6.5. తయారయ్యాక అక్కడే స్పిండిల్ మీద ఎక్కించి తిప్పి చూసుకోండి. ఊపు కొలిచే డయల్ గేజ్ షాపులోనే ఉంటుంది, అంచు దగ్గర పెట్టమనండి.

స్క్రూల దగ్గర పొదుపు వద్దు

ఫాల్స్ సీలింగ్ పనివాళ్ళు వాడే నల్ల జిప్సం స్క్రూలు ఇప్పుడు ప్రతి ఇంట్లో డబ్బాలో ఉంటాయి. వాటిని ఫేస్‌ప్లేట్‌కు వాడకండి. అవి గట్టిపరిచిన పెళుసు ఉక్కు, పక్క నుంచి దెబ్బ తగిలితే వంగవు, తల తెగిపోతాయి. గిన్నె దిమ్మ ప్రతి చుట్టుకూ పక్క దెబ్బ కొడుతుంది.

12 నంబర్ లేదా 14 నంబర్ షీట్‌మెటల్ స్క్రూలు తీసుకోండి. తల కింది భాగం చదునుగా ఉండాలి, పొడవు ప్లేటు మందం పోగా చెక్కలోకి కనీసం 25 మి.మీ. దిగేలా. 12 నంబర్‌కు గట్టి చెక్కలో ముందుగా 4 మి.మీ. పైలట్ (దారి) రంధ్రం, మెత్తటి చెక్కలో 3.5. రంధ్రం లేకుండా డ్రిల్ మిషన్‌తో నేరుగా దించితే దిమ్మ అప్పుడే చీలకపోయినా, కంటికి కనపడని పగులు పడుతుంది. చివరి రెండు చుట్లు చేతి స్క్రూడ్రైవర్‌తోనే బిగించండి. మిషన్‌తో బిగిస్తే చెక్కలో త్రెడ్ చిరిగిపోయి స్క్రూ ఉత్తినే తిరుగుతుంది, పైకి మాత్రం బిగిసినట్టే కనిపిస్తుంది.

స్క్రూలు దిగే ముఖం చిత్రిక పట్టి చదును చేయాలి. ప్లేటు పెట్టి వెలుతురులో చూస్తే కింద సందు కనపడకూడదు. నార కొసలు ఉన్న ముఖంలో, అంటే దుంగ కోసిన అడ్డ ముఖంలో, స్క్రూలు నిలవవు. గిన్నె దిమ్మను దుంగ పొడవునా చీల్చి తీస్తాం కాబట్టి మనకు పక్క నార ముఖమే దొరుకుతుంది. అయినా కొత్తవాళ్ళు ఒక్కోసారి చెట్టు కొమ్మను గుండ్రంగా బిళ్ళలా కోసి గిన్నె చేద్దామనుకుంటారు. అది వేరే విద్య, మొదటి గిన్నెకు తగదు.

చక్ లేకుండానే గిన్నె మొత్తం

ఫేస్‌ప్లేట్ ఒక్కటే ఉన్నవాళ్ళు గిన్నె అడుగున స్క్రూ రంధ్రాలు మిగులుతాయని బెంగపడతారు. దానికి మార్గం జిగురు దిమ్మ. గిన్నె అడుగు అయ్యే ముఖాన్ని చదును చేసి, దానికి ఒక వృథా చెక్క ముక్కను జిగురుతో అతికించి, స్క్రూలు ఆ ముక్కలోకి మాత్రమే దించుతాం. పని అయ్యాక ఆ ముక్కను కోసేస్తాం.

ఆ ముక్క ఎండిన గట్టి చెక్క అయి ఉండాలి. టేకు ముక్క అయితే అతికించే ముందు అప్పటికప్పుడు ముఖం చిత్రిక పట్టండి, దానిలోని నూనె జిగురును పట్టనివ్వదు. ప్లైవుడ్ వాడొద్దు, పొరలు ఊడిపోతాయి. వ్యాసం 80 నుంచి 100 మి.మీ., మందం 35 మి.మీ. దాకా. మందం స్క్రూ దిగే లోతు కంటే 5 మి.మీ. అయినా ఎక్కువ ఉంటే స్క్రూ కొస గిన్నెను తాకదు. రెండు చెక్కల నారా ఒకే దిశలో ఉండేలా పెట్టాలి. అడ్డదిడ్డంగా పెడితే వాన కాలంలో ఒకటి ఒకలా, ఇంకొకటి ఇంకోలా ఉబ్బి అతుకు తెగుతుంది.

ఫెవికాల్ లాంటి తెల్ల జిగురు చాలు. కానీ రెండు చెక్కలూ ఎండి ఉండాలి. పచ్చి దిమ్మకు తెల్ల జిగురు పట్టదు, పట్టినట్టు కనిపించినా నమ్మకూడదు. క్లాంపులు వేసి రాత్రంతా వదిలేయండి. వానాకాలంలో అయితే పూర్తి 24 గంటలు. అతుకు మధ్య ఖాకీ కాగితం పెట్టి, తర్వాత ఉలితో తట్టి విడదీసే పద్ధతి ఒకటి ఉంది. చిన్న, పలుచని పళ్ళేలకు అది బాగుంటుంది. మొదటి గిన్నెకు మాత్రం కాగితం వద్దంటాను. ఉలి ఒక్కసారి గట్టిగా కరిస్తే ఆ కాగితమే ముందు చీలుతుంది, కొత్త చేతికి ఉలి తరచుగా కరుస్తుంది.

చక్ కొనేటప్పుడు

చెక్క పనికి కావలసింది నాలుగు దవడలూ ఒకేసారి కదిలే స్క్రోల్ చక్. కీ తిప్పితే నాలుగూ కలిసి మధ్యకు వస్తాయి, కలిసి బయటికి పోతాయి. నోవా, విక్‌మార్క్, వన్‌వే, రికార్డ్ పవర్, ఆక్స్‌మిన్‌స్టర్ ఈ రంగంలో పేరున్న తయారీదారులు.

ఆటోనగర్‌లో పాత మెటల్ లేత్ మూడు దవడల చక్ చవగ్గా దొరుకుతుంది. ఆశ కలుగుతుంది, కానీ గిన్నె పనికి దాన్ని తీసుకోవద్దు. ఆ దవడలు ఉక్కును పట్టడానికి చేసినవి. చెక్కను మూడు సన్నటి చోట్ల మాత్రమే నొక్కుతాయి, అక్కడ నార నలిగి పట్టు వదులవుతుంది. చెక్క చక్ దవడలు వలయంలో ముక్కల్లా ఉంటాయి, మూసినప్పుడు దాదాపు నిండు వృత్తంగా చెక్కను చుట్టూ పట్టుకుంటాయి. పైగా మెటల్ చక్ దవడల కొసలు బయటికి పొడుచుకు వస్తాయి, తిరుగుతున్నప్పుడు కంటికి కనపడవు, వేళ్ళకు తగులుతాయి. నాలుగు దవడలూ విడివిడిగా కదిలే మెటల్ చక్ కూడా అంతే. అది వాళ్ళ పనికి గొప్ప సాధనం, మనకు పనికిరాదు.

చక్ బరువు కూడా లెక్కే. 10 అంగుళాల స్వింగ్ ఉన్న చిన్న లేత్‌కు భారీ చక్ పెడితే బేరింగుల మీద భారం, దిమ్మ కూడా స్పిండిల్ నుంచి మరింత దూరం జరుగుతుంది. దూరం పెరిగే కొద్దీ ఊపు పెరుగుతుంది. 12 అంగుళాల లోపు లేత్‌లకు చిన్న రకం చక్ తీసుకోండి.

బిగించే తీరు రెండు రకాలు. ఒకదానిలో టీ ఆకారపు కీ పెట్టి ఒక్క చేత్తో తిప్పుతాం. రెండోదానిలో రెండు ఇనుప కడ్డీలు రెండు చేతులతో పట్టుకుని ఎదురెదురుగా లాగాలి. రెండోది చవక, కానీ ఆ సమయంలో దిమ్మను పట్టుకోవడానికి చెయ్యి ఖాళీ ఉండదు. ఒంటరిగా పనిచేసేవాళ్ళు కీ రకమే తీసుకోవాలి.

స్పిండిల్ త్రెడ్ నేరుగా చక్‌లోనే కోసిన రకం ఒకటి, త్రెడ్ ఉన్న ఇన్సర్ట్‌ను చక్‌లో బిగించే రకం మరొకటి. లేత్ మార్చే ఆలోచన ఉంటే ఇన్సర్ట్ రకమే మేలు, రేపు ఇన్సర్ట్ ఒక్కటి మారిస్తే సరిపోతుంది. అదే లేత్ మీద పదేళ్ళు పనిచేస్తానంటే నేరుగా త్రెడ్ ఉన్నది తీసుకోండి, ఒక అతుకు తగ్గుతుంది.

దవడలు ఒకటి చాలు, 50 మి.మీ. సెట్. పెద్ద దవడలు, గిన్నె అంచు పట్టుకునే రబ్బరు బొత్తాల పళ్ళేలు ఆకర్షణగా కనిపిస్తాయి, మొదటి ఏడాది వాటితో పని పడదు. చాలా చక్‌లతో ఒక లావుపాటి స్క్రూ వస్తుంది, దాన్ని దవడల మధ్య బిగించి దిమ్మను తిప్పి ఎక్కించుకోవచ్చు. తయారీదారు చెప్పిన సైజు పైలట్ రంధ్రం వేసి, దిమ్మ ముఖం దవడల పైభాగానికి పూర్తిగా ఆనేలా ఎక్కిస్తే 6 అంగుళాల ఎండిన దిమ్మకు అది ఫేస్‌ప్లేట్‌లాగే పనిచేస్తుంది. మెత్తటి చెక్కలో మాత్రం నమ్మొద్దు. కొండపల్లి బొమ్మలకు వాడే తెల్లపొణికి, ఏటికొప్పాకలో లేత్ మీద తిప్పే అంకుడు తమ తమ పనులకు అద్భుతమైనవి. ఒంటి స్క్రూ మీద గిన్నె దిమ్మగా వేలాడటానికి అంత మెత్తదనం సరిపోదు.

చక్ రాగానే దవడల మీదా, వాటి గాళ్ళ మీదా 1 నుంచి 4 దాకా అంకెలు చూడండి. 1వ దవడ 1వ గాడిలో, ఆ వరుసలోనే ఎక్కించాలి. వరుస తప్పితే నాలుగూ మధ్యలో కలవవు. దవడలను మరీ బయటికి తెరవకూడదు. లోపల దవడలను కదిపే చుట్ల గాడికి, అంటే స్క్రోల్‌కు, ఒకటి రెండు పళ్ళు మాత్రమే పట్టి ఉన్న దవడ పని మధ్యలో ఊడి వస్తుంది. కీని చక్‌లో ఉంచి లేత్ ఆన్ చేయడం ఎన్నడూ జరగకూడదు. బిగించాక కీ చేతిలో నుంచి నేరుగా దాని మేకుకే వెళ్ళాలి.

చక్‌కు పట్టు ఇచ్చే బొడిపె

చక్ గిన్నెను పట్టుకునేది అడుగున మనం వదిలిన గుండ్రటి బొడిపెను, అంటే టెనాన్‌ను. గిన్నె పనిలో నేను అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టమనేది ఇక్కడే.

వ్యాసం గిన్నె వ్యాసంలో మూడో వంతుకు తగ్గకూడదు. 6 అంగుళాలు, అంటే 150 మి.మీ. గిన్నెకు 50 మి.మీ. 50 మి.మీ. దవడలు దాదాపు మూసినప్పుడే అవి నిండు వృత్తానికి దగ్గరగా ఉంటాయి, కాబట్టి 52 నుంచి 55 మి.మీ. టెనాన్ బాగా కుదురుతుంది. టెనాన్ మరీ పెద్దదైతే దవడలు విడిపోయి మూలలతో మాత్రమే కరుస్తాయి. 10 అంగుళాల గిన్నెను ఇవే దవడల మీద పెట్టకపోవడానికి కారణం ఇదే. దానికి 85 మి.మీ. పైన టెనాన్, పెద్ద దవడలు కావాలి.

ఎత్తు 6 నుంచి 8 మి.మీ. టెనాన్ కొస చక్ అడుగును తాకకూడదు. గిన్నె అడుగు, టెనాన్ చుట్టూ ఉన్న భుజం, దవడల పైభాగం మీద కుదురు మీద కుండలా కూర్చోవాలి. దిమ్మను ఊగకుండా ఆపేది ఆ భుజమే. టెనాన్ పొడవు ఎక్కువై కొస ముందే తగిలితే భుజం గాల్లో ఉంటుంది, దిమ్మ మొదటి కుదుపుకే ఒరుగుతుంది. భుజాన్ని లోపలి వైపుకి కొంచెం పల్లంగా తీస్తే అంచు మీద స్థిరంగా ఆనుతుంది.

టెనాన్ పక్క గోడ మీ దవడల ఆకారానికి సరిపోవాలి. దవడలు లోపలికి ఏటవాలుగా ఉంటే టెనాన్ కూడా అలాగే, మొదట్లో సన్నంగా కొసన వెడల్పుగా. దవడలు నిటారుగా, లోపల గరుకు గీతలతో ఉంటే టెనాన్ నిటారుగా. టెనాన్, భుజం కలిసే మూలను పార్టింగ్ ఉలితో శుభ్రంగా తీయాలి. అక్కడ నార పీచు మిగిలితే దవడ దాని మీదే ఆగిపోతుంది. ఇక పగులు ఉన్న చోట, బెరడు దగ్గర మెత్తటి చెక్కలో, గుజ్జు నడిబొడ్డు వచ్చిన చోట టెనాన్ పెట్టకండి.

పళ్ళెం లాంటి వెడల్పు పనికి బొడిపె బదులు గుంట తీసి, దవడలను లోపలి నుంచి బయటికి తెరిచి పట్టవచ్చు. ఎండిన గట్టి చెక్కకు, గుంట చుట్టూ కనీసం 20 మి.మీ. చెక్క ఉన్నప్పుడు అది పనిచేస్తుంది. పచ్చి చెక్కలో దవడలు తెరుస్తూ పోతే నార వెంట చీలుతుంది.

మొదటి గిన్నె, వరుసగా

రెండూ చేతిలో ఉన్నాయనుకుందాం. అప్పుడు పని ఇలా సాగుతుంది.

అడితిలో 150 మి.మీ. వెడల్పు, 65 మి.మీ. మందం ఉన్న మామిడి లేదా నిద్రగన్నేరు ముక్క తీసుకోండి, నడిబొడ్డు లేకుండా. రెండు ముఖాలు చదును చేసి, కాంపస్‌తో గీసి, బ్యాండ్ సా మీద గానీ చేతి రంపంతో మూలలు కోసి గానీ గుండ్రంగా చేయండి. గిన్నె నోరు అయ్యే ముఖం మధ్యలో ఫేస్‌ప్లేట్ బిగించండి. ఆ స్క్రూ రంధ్రాలు తర్వాత తొలిచేసే చెక్కలోనే ఉంటాయి కాబట్టి గిన్నెలో మచ్చ మిగలదు. స్క్రూలు ప్లేటు అంచు దగ్గర పడినా గిన్నె గోడలోకి రాకుండా చూసుకోండి, 80 మి.మీ. ప్లేటుకు ఆ భయం ఉండదు.

టెయిల్‌స్టాక్ (హెడ్‌స్టాక్‌కు ఎదురుగా జరిగే ఆధారం) తెచ్చి రెండో ముఖం మధ్యలో ఆనించండి. కొత్తవాళ్ళు వీలైనంత సేపు దాన్ని అక్కడే ఉంచాలి. చేత్తో ఒక చుట్టు తిప్పి టూల్‌రెస్ట్‌కు ఎక్కడా తగలడం లేదని చూసుకోండి. ముఖానికి పూర్తి షీల్డ్ పెట్టుకోండి, కళ్ళద్దాలు చాలవు. లేత్ ఆన్ చేసేటప్పుడు దిమ్మ అంచుకు సూటిగా నిలబడకుండా పక్కకు జరగండి.

వేగానికి ఒక లెక్క ఉంది. అంగుళాల్లో వ్యాసాన్ని ఆర్‌పీఎంతో గుణిస్తే 6000 నుంచి 9000 మధ్య రావాలి. 6 అంగుళాలకు 1000 నుంచి 1500 అన్నమాట. కానీ అది గుండ్రంగా వచ్చిన దిమ్మకు. మొదలు 500 దగ్గర పెట్టి, లేత్ వణకడం ఆగాకే పెంచండి.

బయటి ఆకారానికి బౌల్ గౌజ్ (గిన్నెలకు వాడే గాడి ఉలి) వాడండి. మంచం కోళ్ళకు వాడే వెడల్పాటి రఫింగ్ గౌజ్‌ను గిన్నె దిమ్మకు ఎప్పుడూ పెట్టకూడదు. దాని తోక సన్నగా ఉంటుంది, అడ్డ నార కుదుపుకు పిడి దగ్గర విరుగుతుంది. లేత్ పని బాగా వచ్చిన వడ్రంగులు కూడా అలవాటుగా అదే అందుకుంటారు. బయట పూర్తయ్యాక అడుగున టెనాన్ కోయండి.

ఇప్పుడు ఫేస్‌ప్లేట్ విప్పి, చక్ ఎక్కించి, టెనాన్‌ను దవడల్లో పెట్టండి. టెయిల్‌స్టాక్‌తో నోటి వైపు నుంచి నొక్కి పట్టి, భుజం దవడల మీద కూర్చుందని చూసి, కీతో ఒక రంధ్రంలో, తర్వాత ఎదురు రంధ్రంలో బిగించండి. ఐదు నిమిషాలు తిప్పాక లేత్ ఆపి మళ్ళీ బిగించండి. పచ్చి చెక్క దవడల కింద నలిగి వదులవుతుంది, రెండోసారి బిగింపు తప్పనిసరి.

లోపల తొలవడం అంచు నుంచి మధ్యకు. అడుగు మందం తరచూ కొలవండి, టెనాన్ లోతు కూడా కలుపుకుని లెక్కపెట్టండి.

మన కలప, మన తేమ

రోహిణి కార్తె ఎండలకు పచ్చి దుంగ కొసలు కోసిన నాడే పగుళ్ళు తీస్తాయి. దుంగ దొరకగానే కొసలకు మైనమో, పాత పెయింటో పూయండి. పచ్చి చెక్కతో పనిచేస్తుంటే గిన్నెను ముందు మందంగా, వ్యాసంలో పదో వంతు గోడతో తిప్పి, నీడలో కాగితపు సంచిలో ఆరబెట్టి, తర్వాత రెండోసారి తిప్పడం పాత పద్ధతి. ఆరేటప్పుడు టెనాన్ కోలగా మారుతుంది. అందుకే మొదటిసారి దాన్ని 4, 5 మి.మీ. పెద్దగా వదలాలి, రెండోసారి గుండ్రంగా సరిచేయడానికి. ఫేస్‌ప్లేట్ బాగా పనికొచ్చే సందర్భం ఇది కూడా. కోలగా మారిన పెద్ద దిమ్మను చక్ సరిగ్గా పట్టలేదు, స్క్రూలు పట్టగలవు.

పచ్చి తుమ్మ రసం ఇనుము తగిలితే నల్లబడుతుంది, చక్ మీదా గిన్నె మీదా మరకలు పడతాయి. పని అయ్యాక దవడలు విప్పి స్క్రోల్‌లో ఇరుక్కున్న పొట్టు తీసి, పలుచగా మెషిన్ ఆయిల్ తుడవండి. కృష్ణా తీరపు గాలి తేమకు వారం రోజులు వదిలితే చాలు, తుప్పు మొదలవుతుంది.

టెనాన్ తీసేయడం

గిన్నె పూర్తయ్యాక అడుగున ఆ బొడిపె అలాగే ఉంటుంది. దాన్ని పాదంలా తీర్చిదిద్దుకుని వదిలేయవచ్చు. తీసేయాలంటే మళ్ళీ ఫేస్‌ప్లేటే కావాలి. దానికి ఒక వృథా చెక్క దిమ్మను బిగించి, గిన్నె లోపలి ఆకారానికి దగ్గరగా గుండ్రంగా తిప్పండి. దాని మీద మెత్తటి గుడ్డ గానీ, చెప్పుల షాపులో దొరికే రబ్బరు ఫోమ్ షీటు గానీ వేసి, గిన్నెను బోర్లించి, టెయిల్‌స్టాక్ కొసను టెనాన్ మధ్య ఉన్న పాత గుర్తులో ఆనించండి. ఒత్తిడి గిన్నె కదలనంత ఉంటే చాలు, ఎక్కువైతే పలుచని అడుగు పగులుతుంది. వేగం తగ్గించి, సన్నటి కోతలతో టెనాన్‌ను అరిగిస్తూ రండి, అడుగు మధ్యలో కొంచెం పల్లంగా. చివరికి టెయిల్‌స్టాక్ కింద వేలి మందం పిలక ఒకటి మిగులుతుంది. లేత్ ఆపి దాన్ని చేతి ఉలితో కోసి, 120 నుంచి 240 నంబర్ కాగితం దాకా చేత్తో రుద్దండి. వృథా దిమ్మను ఫేస్‌ప్లేట్ నుంచి విప్పకండి, తర్వాతి గిన్నె ఇంతకంటే కాస్త చిన్నదైతే దాన్నే మళ్ళీ తిప్పి వాడుకోవచ్చు.